సీడీసీ నెగటివ్, కానీ డీక్యూ మీద డీఎస్‌ఏ ఉంది: ఈ రిపోర్టు ఎలా చదవాలండి?

డయాలసిస్_డెస్క్ | అమలాపురం | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. ఒక కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ రిపోర్టు చర్చకి పెడుతున్నాను. (డీఎస్‌ఏ అంటే దాత టిష్యూని పట్టే యాంటీబాడీ, పేషెంటు రక్తంలో ఉండేది.) పేరు, ఊరు, ఆస్పత్రి తీసేశాను, దయచేసి అడగొద్దు.

పేషెంటు ఆవిడ. 41 ఏళ్లు, 56 కేజీలు, ఓ పాజిటివ్. రెండు కాన్పులు, ఒక అబార్షన్. డయాలసిస్ మొదలయ్యాక 4 యూనిట్ల రక్తం ఎక్కింది, తెల్లకణాల ఫిల్టరు వాడలేదు. దాత భర్త, 46 ఏళ్లు, ఆయనదీ ఓ పాజిటివే. మేనరికం. ఆవిడకి సొంత మేనత్త కొడుకు.

హెచ్‌ఎల్‌ఏ టైపింగు (కణాల మీద సొంతమా పరాయా అని గుర్తుపట్టించే ప్రొటీన్లు; ఏ, బీ, డీఆర్, డీక్యూ వాటిలో రకాలు). ఆవిడవి: ఏ24, ఏ11, బీ40, బీ44, డీఆర్15, డీఆర్7. ఆయనవి: ఏ24, ఏ2, బీ40, బీ35, డీఆర్15, డీఆర్11. ఇద్దరికీ డీక్యూ చేయించలేదు.

సీడీసీ క్రాస్‌మ్యాచ్ (పేషెంటు సీరం దాత తెల్లకణాల్ని చంపుతుందా అని చూసే పరీక్ష): చచ్చినవి టీ సెల్స్ 5 శాతం, బీ సెల్స్ 10 శాతం, రెండూ నెగటివ్ అని రాశారు. ఫ్లో క్రాస్‌మ్యాచ్ (యాంటీబాడీ దాత కణాలకి అతుక్కుందా అని చూసేది): టీ నెగటివ్, బీ పాజిటివ్. సింగిల్ యాంటిజెన్ బీడ్స్ (ఒక్కోదాని మీద ఒక్కో హెచ్‌ఎల్‌ఏ అంటించిన బుల్లి పూసలు): క్లాస్ 1లో ఎంఎఫ్‌ఐ (బీడు మెరుపు లెక్క) వెయ్యి దాటినది ఏదీ లేదు. క్లాస్ 2లో డీక్యూ7 మీద ఎంఎఫ్‌ఐ 6,400, డీఆర్52 మీద 1,200.

ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "నెగటివ్ అన్నారు కదండీ, ఇంకా ఆపడం దేనికి?" ఏం చెప్పమంటారు?

కాకినాడ_ట్రే | సోమవారం రాత్రి 9:50

ముందు ఆ నెగటివ్ ఎలా పుట్టిందో చూడండి. టెరసాకి ట్రే అంటే అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక. 60 గానీ 72 గానీ బుల్లి గుంటలు ఉంటాయి. ఆరిపోకుండా ప్రతి గుంటలో ముందు మినరల్ ఆయిల్ వేస్తాం. ఆ నూనె కింద 1 మైక్రోలీటరు పేషెంటు సీరం, 1 మైక్రోలీటరు దాత లింఫోసైట్లు (సుమారు 2,000 కణాలు). గది ఉష్ణోగ్రతలో అరగంట. తర్వాత 5 మైక్రోలీటర్ల కుందేలు కాంప్లిమెంటు (యాంటీబాడీ పట్టిన కణాన్ని చంపే రక్త ప్రొటీన్లు) పోసి గంట ఆగుతాం. ఆఖర్న ఇయోసిన్ రంగు, ఫార్మలిన్. ఫేజ్ మైక్రోస్కోపులో చూస్తే బతికిన కణం మెరిసే ముత్యంలా ఉంటుంది, చచ్చిన కణం రంగు తాగి ఉబ్బి నల్లబడి కనిపిస్తుంది. చచ్చినవి ఎంత శాతమో అంచనా కట్టి మార్కు వేస్తాం: 10 శాతం వరకు 1, 20 వరకు 2, 50 వరకు 4, 80 వరకు 6, ఆపైన 8.

అంటే సీడీసీ చూసేది యాంటీబాడీని కాదండి, హత్యని చూస్తుంది. కణం చావాలంటే యాంటీబాడీ కాంప్లిమెంటుని పట్టుకునే రకం అయ్యుండాలి: ఐజీఎం గానీ, ఐజీజీ1, ఐజీజీ3 గానీ. పైగా కణం మీద పక్కపక్కన తగినన్ని చేరాలి, అప్పుడే కాంప్లిమెంటులో మొదటి ప్రొటీను సి1క్యూ అతుక్కుంటుంది. ఐజీజీ2, ఐజీజీ4 ఎంత ఉన్నా, ఐజీజీ1 పల్చగా ఉన్నా ట్రేలో కణాలు హాయిగా మెరుస్తూనే ఉంటాయి.

ఇంకో తంటా. ఆ కుందేలు కాంప్లిమెంటు మైనస్ 70లో ఉండాలి. ఒకసారి కరిగితే ఐసు మీద పెట్టి వెంటనే వాడెయ్యాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. కరెంటు పోయి ఫ్రీజరు వేడెక్కితే కాంప్లిమెంటు చచ్చిపోతుంది, అప్పుడు ఊళ్లో అందరూ నెగటివే. పాజిటివ్ కంట్రోలు గుంటలో 8 వచ్చిందా అని అడిగి తెలుసుకోండి. అది రాకపోతే ఆ ట్రే మొత్తం చెత్తబుట్టకే.

పూతరేకు | ఆత్రేయపురం | సోమవారం రాత్రి 10:25

ట్రే గారు చెప్పినదానికి చరిత్రలో లెక్క ఉంది. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన పేపరు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అయినా కిడ్నీ పెట్టినవాళ్లు 30 మంది, అందులో 24 కిడ్నీలు వెంటనే పోయాయి. నెగటివ్ వచ్చినవాళ్లు 195 మంది, అందులో 8 పోయాయి. అందరూ ఆ 24నే చెబుతారు. ఇంటివాళ్లకి చెప్పవలసింది ఆ 8 గురించి.

ఆ 24కి ఏమైందో దగ్గరగా చెప్పాలంటే: క్లాంపు తీయగానే కిడ్నీ గులాబీ రంగుకి తిరిగి గట్టిపడాలి, మూత్రం చుక్క రావాలి. ముందే యాంటీబాడీలు ఉంటే అదే కిడ్నీ కొద్ది నిమిషాల్లో నీలి మచ్చలు పడి, వంకాయ రంగుకి మారి, మెత్తగా వేలాడిపోతుంది. యాంటీబాడీ దాడి చేసేది కిడ్నీ కణాల మీద కాదు, రక్తనాళాల లోపలి పొర మీద. ఎండోథీలియం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు అతుక్కుని, సన్న నాళాలన్నీ గడ్డలతో మూసుకుపోతాయి. దీన్నే హైపర్‌అక్యూట్ రిజెక్షన్ అంటారు. సీడీసీ వచ్చాక ఇది దాదాపు కనబడకుండా పోయింది. ఇప్పుడు మనల్ని ఏడిపించేది దాని నెమ్మది తమ్ముళ్లు.

డయాలసిస్_డెస్క్ | మంగళవారం ఉదయం 6:40

అర్థమైందండి. మరి ఫ్లోలో బీ మాత్రమే పాజిటివ్ రావడం? ల్యాబు వాళ్లు "బీ సెల్ ఫాల్స్ పాజిటివ్ మామూలే" అన్నారు.

కాకినాడ_ట్రే | మంగళవారం ఉదయం 7:15

మామూలే, కానీ ప్రతిసారీ కాదు. ఫ్లోలో చావుతో పని లేదు. దాత కణాలకి సీరం పట్టించి, కడిగి, ఐజీజీని పట్టే మెరుపు రంగు కలుపుతాం. మెరుపు ఎంత జరిగిందో చూస్తాం. కాంప్లిమెంటు పట్టని ఐజీజీ కూడా ఇక్కడ దొరికిపోతుంది.

టీ సెల్ మీద క్లాస్ 1 (ఏ, బీ, సీ) మాత్రమే ఉంటుంది. బీ సెల్ మీద క్లాస్ 1తో పాటు క్లాస్ 2 (డీఆర్, డీక్యూ, డీపీ) కూడా ఉంటుంది. కాబట్టి టీ నెగటివ్, బీ పాజిటివ్ అంటే మొదటి అనుమానం క్లాస్ 2 యాంటీబాడీ. ఫాల్స్ పాజిటివ్ కారణాలు వేరే ఉన్నాయి: బీ సెల్ మీద ఎఫ్‌సీ రిసెప్టర్లు ఏ ఐజీజీనైనా పట్టేసుకుంటాయి, అందుకే ఆ రిసెప్టర్లని కోసేసే ప్రొనేజ్ ఎంజైము కణాలకి ముందు పట్టిస్తారు. పేషెంటుకి రిటుక్సిమాబ్ (బీ సెల్స్‌ని పట్టే యాంటీబాడీ మందు) ఇచ్చి ఉంటే ఆ మందే బీ సెల్‌కి అతుక్కుని పాజిటివ్ చూపిస్తుంది. ఏటీజీ (తెల్లకణాలని పట్టే యాంటీబాడీల మందు) ఇచ్చి ఉంటే టీ, బీ రెండూ పాడు. లూపస్ లాంటి జబ్బు ఉంటే సొంత కణాల మీదే యాంటీబాడీలు ఉంటాయి. అది తేలాలంటే ఆటో క్రాస్‌మ్యాచ్, అంటే ఆవిడ సీరం, ఆవిడ కణాలు.

ఇక్కడ బీడ్స్‌లో డీక్యూ7 కూడా పాజిటివ్. రెండు వేర్వేరు పరీక్షలు ఒకే వేలు చూపిస్తున్నాయి. దాన్ని ఫాల్స్ అని కొట్టిపారేస్తే ఎలాగండి.

లంకల_లెక్క | రాజోలు | మంగళవారం మధ్యాహ్నం 1:05

టైపింగు చూసి ఒక మాట. దాతకి డీక్యూ చేయించలేదన్నారు, అయినా సగం జవాబు అక్కడే ఉంది. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోము మీద గుత్తిగా ఉంటాయి, గుత్తిగానే పిల్లలకి దిగుతాయి. డీఆర్11 ఉన్నవాళ్లలో దాని వెంట డీఆర్52, డీక్యూ7 ఉండటం చాలా మామూలు. ఆవిడవి డీఆర్15, డీఆర్7. వాటి వెంట వచ్చేవి డీఆర్51, డీఆర్53, డీక్యూలో సాధారణంగా 6, 2. అంటే డీక్యూ7, డీఆర్52 రెండూ ఆవిడకి పరాయివి, ఆయన డీఆర్11 గుత్తిలోవి. ఈ యాంటీబాడీలు ఎక్కడో బ్లడ్ బ్యాగులోంచి రాకపోవచ్చు, కాన్పుల్లో వచ్చి ఉండొచ్చు.

ఇక మేనరికం సంగతి. ఏ24, బీ40, డీఆర్15 ఇద్దరిలోనూ ఉన్నాయి. మేనత్త–మేనమామ బిడ్డల్లో తాత, అమ్మమ్మల నుంచి ఒకే గుత్తి ఇద్దరికీ దిగే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామని చేసుకుంటే రెండింట ఒకటి. ఇక్కడ ఆ నాలుగో వంతు తగిలినట్టుంది. భర్తయినా సగం మ్యాచ్! (హై రిజల్యూషన్ టైపింగుతో ఖాయం చేసుకోవాలి. పేరు ఒకటే అయినా అల్లీలు, అంటే జన్యువు రూపాలు, వేరు కావొచ్చు.)

దీనివల్ల ఒక వింత. పిల్లలిద్దరిలో ఎవరికైనా తండ్రి నుంచి ఆ డీఆర్15 గుత్తే వచ్చి ఉంటే, ఆ బిడ్డ దగ్గర తల్లికి పరాయిది ఏదీ ఉండదు. తండ్రి నుంచి డీఆర్11 గుత్తి వచ్చిన బిడ్డ ఇస్తే మాత్రం భర్త ఇచ్చినట్టే, అదే యాంటీబాడీ ఎదురవుతుంది. అందుకే ఆడవాళ్లకి భర్త గానీ బిడ్డ గానీ దాత అయినప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలి. కాన్పు అంటే ఒకసారి ఆ టిష్యూని కలుసుకున్నట్టే. ఈ యాంటీబాడీలు మొదట తెలిసిందే అలా: 1958లో బిడ్డల్ని కన్న తల్లుల సీరంలో తెల్లకణాలని పట్టే యాంటీబాడీలని వాన్ రూడ్ ఒకవైపు, రోజ్ పెయిన్ ఇంకోవైపు చూపించారు.

పిల్లలు 18 దాటారో లేదో మీరు రాయలేదు. దాటినా ఆ వయసు బిడ్డ దగ్గర కిడ్నీ తీసుకోవడం ఇంకో చర్చ. ముందు ఆవిడ తోబుట్టువుల్ని టైప్ చేయించండి. తోబుట్టువుల్లో పూర్తి మ్యాచ్ నాలుగింట ఒకటి, సగం మ్యాచ్ రెండింట ఒకటి.

ధవళేశ్వరం_గేజి | మంగళవారం సాయంత్రం 6:30

ఆ 6,400 అంకె గురించి నాలుగు ముక్కలు. ఎంఎఫ్‌ఐ అంటే ఒక్కో బీడు ఎంత మెరిసిందన్న లెక్క. అది టైటర్ (ఎంత పల్చన చేసినా ఇంకా దొరుకుతుందన్న లెక్క) కాదు, గ్రాములు కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులు అంటే 10 లక్షల క్యూసెక్కులు, మొదటి హెచ్చరిక అని మనకి ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఆ గేజిని ప్రవాహంతో సరిచూశారు. ఎంఎఫ్‌ఐకి అలాంటి కొలత లేదు. ఒక ల్యాబులో 6,400 ఇంకో ల్యాబులో 4,500 రావొచ్చు, కిట్టు లాటు మారినా మారుతుంది.

ఇంకా మోసాలు మూడు. ఒకటి, గేజి రాయి మునిగిపోవడం. బీడు మీద యాంటిజెన్ మొత్తం నిండిపోయాక పైన ఎంత యాంటీబాడీ ఉన్నా అంకె పెరగదు. సీరాన్ని 1:16, 1:64, 1:256 పల్చన చేసి చూస్తేనే అసలు లోతు తెలుస్తుంది. రెండు, ప్రోజోన్. యాంటీబాడీ మరీ ఎక్కువైతే పేషెంటు సొంత కాంప్లిమెంటు బీడు మీద పేరుకుని మెరుపు రంగుకి దారి మూసేస్తుంది. భయంకరమైన యాంటీబాడీకి 800 అని తక్కువ అంకె వస్తుంది. సీరంలో ఈడీటీఏ కలిపితే గానీ, 56 డిగ్రీల్లో అరగంట వేడి చేస్తే గానీ నిజం బయటపడుతుంది. మూడు, దీనికి రివర్స్: బీడు మీద ప్రొటీను వంకర తిరిగి, మనిషి ఒంట్లో ఎప్పుడూ కనబడని ముక్క బయటపడుతుంది. దాన్ని పట్టే యాంటీబాడీ ఉంటే బీడు మెరుస్తుంది, అసలు కణాన్ని ముట్టుకోదు.

డీక్యూలో అదనపు చిక్కు ఒకటి. ఆ అణువు రెండు గొలుసుల జంట, డీక్యూఏ1, డీక్యూబీ1. రిపోర్టులో "డీక్యూ7" అని రాసినా యాంటీబాడీ పట్టింది ఆల్ఫా గొలుసుని కావొచ్చు. డీక్యూ7 బీడ్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి: ఒకదానిలో డీక్యూఏ1*05, ఇంకోదానిలో డీక్యూఏ1*03. *05 ఉన్న బీడ్లన్నీ మెరిసి మిగతా డీక్యూ7 బీడ్లు మెరవకపోతే గురి ఆల్ఫా మీదే. ల్యాబుని బీడ్ల పూర్తి పట్టిక అడగండి, పైన ఇచ్చే ఒక పేజీ సారాంశంతో పని కాదు.

వెన్నామీ | భీమవరం | మంగళవారం రాత్రి 8:10

మా చెరువుల్లో రొయ్యకి యాంటీబాడీ అనేదే లేదు, చేపకి ఉంది. రొయ్యకి వ్యాక్సిను ఎందుకు పనిచేయదని అడిగే రైతుకి ఇదే చెబుతుంటాం. ఆ దారిలో అడుగుతున్నాను, తప్పయితే సరిచెయ్యండి. యాంటీబాడీ ఉందంటే కిడ్నీ పోవాల్సిందేనా? బ్లడ్ గ్రూపు కలవకపోయినా కిడ్నీలు పెడుతున్నారు కదా, అక్కడ యాంటీ ఏ, యాంటీ బీ పుట్టుకతోటే ఉంటాయి.

గట్టు_మీద_చెట్టు | పాలకొల్లు | మంగళవారం రాత్రి 9:20

మంచి చోట పట్టుకున్నారు. గ్రూపు కలవని ట్రాన్స్‌ప్లాంటుకి ముందు రిటుక్సిమాబ్ రెండు మూడు వారాల ముందే ఇస్తారు, ప్లాస్మా మార్పిడి గానీ యాంటీబాడీలని పట్టేసే ఇమ్యునోఅడ్సార్ప్షన్ కాలమ్ గానీ వాడి యాంటీ ఏ, యాంటీ బీ టైటర్ 1:8 దరిదాపులకి దించుతారు. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాలు కత్తి మీద సాము. ఆ గండం దాటాక టైటర్ మళ్లీ పెరిగినా చాలామందిలో కిడ్నీకి ఏమీ కాదు. బయాప్సీ చేస్తే సి4డి పాజిటివ్‌గా ఉంటుంది, అంటే యాంటీబాడీ వచ్చి కూర్చుంది, కాంప్లిమెంటు కూడా మొదలైంది, అయినా నాళాలు చెక్కుచెదరవు. దీన్ని అకామడేషన్ అంటారు. ఎండోథీలియం తన మీద సీడీ55, సీడీ59 లాంటి కాంప్లిమెంటు ఆపే ప్రొటీన్లు పెంచుకుని, చావుని ఆపే జన్యువులు రాజేసుకుని నిలబడుతుంది.

టాలరెన్సూ అకామడేషనూ ఒకటి కాదు. టాలరెన్స్‌ని "సహనం" అని రాసేస్తుంటారు, నాకు మింగుడుపడదు. అక్కడ సహించడం ఏమీ లేదు, వచ్చినవాణ్ణి సొంతమనిషి అనుకోవడం. అకామడేషన్ అంటే పడదని తెలిసీ ఒకే ఇంట్లో సర్దుకుపోవడం.

హెచ్‌ఎల్‌ఏ విషయంలో ఈ సర్దుబాటు మీద ఆశ పెట్టుకోకండి. వాపు వచ్చినకొద్దీ ఎండోథీలియం మీద హెచ్‌ఎల్‌ఏ క్లాస్ 2 పెరుగుతుంది, యాంటీబాడీకి ఇంకా ఎక్కువ చోటు దొరుకుతుంది. లివరు మాత్రం చాలా గట్టిది, చాలా డీఎస్‌ఏని మింగి కూర్చుంటుంది: సైజు పెద్దది, కుప్ఫర్ కణాలు ఇమ్యూన్ కాంప్లెక్సుల్ని ఊడ్చేస్తాయి, కరిగే హెచ్‌ఎల్‌ఏని తనే రక్తంలోకి వదులుతుంది. లివరు, కిడ్నీ ఒకే దాతవి కలిపి పెడితే చాలాసార్లు లివరు కిడ్నీని కూడా కాపు కాస్తుంది.

నర్సాపురం_లేసు | బుధవారం ఉదయం 10:40

చెట్టు గారు, పాత సంగతి ఒకటి కలపండి. యాంటీబాడీ గ్రాఫ్టుని కాపాడిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. 1950ల్లో కాలిస్ ఎలకల్లో చూపించాడు, ముందుగా యాంటీబాడీలు ఎక్కిస్తే పరాయి ట్యూమరు పడిపోకుండా పెరిగింది, ఎన్‌హాన్స్‌మెంట్ అన్నారు. 1973లో ఓపెల్జ్, టెరసాకి లెక్క తీస్తే ముందు రక్తం ఎక్కినవాళ్లకే కిడ్నీలు ఎక్కువకాలం నిలిచాయి. దాంతో కొన్నాళ్లు కావాలనే రక్తం ఎక్కించారు.

కాకినాడ_ట్రే | బుధవారం ఉదయం 11:30

లేసు గారూ, ఆ ముక్క ఇక్కడ వదిలితే రేపు ఎవరో "రక్తం ఎక్కితే మంచిదట" అంటారు. రిజెక్షన్‌ని ఆపే మందు సైక్లోస్పోరిన్ వచ్చాక ఆ లాభం కరిగిపోయింది, నష్టం మాత్రం మిగిలింది. ఇవాళ ట్రాన్స్‌ప్లాంటు ఆలోచన ఉన్నవాళ్లకి హిమోగ్లోబిన్ తగ్గితే ముందు ఐరన్ సూది, ఎరిత్రోపాయిటిన్. తప్పనిసరైతేనే రక్తం, అదీ ల్యుకోసైట్ ఫిల్టరుతో. రేడియేషన్ కొట్టిన బ్యాగు అడిగితే చాలనుకుంటారు. అది జీవీహెచ్‌డీని, అంటే ఎక్కిన తెల్లకణాలు పేషెంటు మీదే దాడి చేయడాన్ని, ఆపుతుంది, హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలని ఆపదు. భర్త రక్తం భార్యకి నేరుగా ఎక్కించడం, రేపు దాత కాబోయే అన్న రక్తం చెల్లికి ఎక్కించడం అసలు వద్దు. వాళ్లు బ్లడ్ బ్యాంకులో బదులు యూనిట్ ఇవ్వడం వేరు, అదే బ్యాగు పేషెంటుకి రావడం వేరు.

నర్సాపురం_లేసు | బుధవారం మధ్యాహ్నం 12:15

ఒప్పుకుంటున్నానండి. చరిత్రగానే చెప్పాను, వైద్యంగా కాదు.

బాడవ_చేను | ముమ్మిడివరం | బుధవారం సాయంత్రం 5:45

అసలు రిపోర్టుకి వద్దాం. డీసెన్సిటైజ్ చేసి, అంటే యాంటీబాడీలని తగ్గించి, భర్త కిడ్నీనే పెట్టాలా, దాతని మార్చాలా? నా ఓటు ముందు స్వాప్‌కి, అంటే ఇంకో జంటతో దాతల్ని మార్చుకోవడానికి. లెక్క చూడండి.

ప్లాస్మా పరిమాణం = 0.065 × బరువు × (1 – హెమటోక్రిట్). 56 కేజీలు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 0.30 అనుకుంటే సుమారు 2.5 లీటర్లు. ఒక్క ప్లాస్మా పరిమాణం మారిస్తే రక్తంలోని ఐజీజీలో 63 శాతం దాకా పోతుంది, ఒకటిన్నర మారిస్తే 78 శాతం దాకా. కానీ ఒంట్లో ఐజీజీలో సగం పైన రక్తనాళాల బయట ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో అది లోపలికి దిగుతుంది. తూము కట్టకుండా చేలో నీళ్లు తోడినట్టే. అందుకే రోజు విడిచి రోజు, ఐదారు సార్లు. ప్రతిసారీ అయ్యాక ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఐజీజీ) కేజీకి 100 మిల్లీగ్రాములు, అంటే ఆవిడకి 5.6 గ్రాములు. ఐవీఐజీ ముందు ఇచ్చి తర్వాత ప్లాస్మా తీస్తే ఆ డబ్బు డ్రెయిన్‌లో పోసినట్టే.

తోడేటప్పుడు వచ్చే తంటాలు: సిట్రేటు వల్ల కాల్షియం తగ్గి పెదాల చుట్టూ చిమచిమ. ఆల్బుమిన్ మాత్రమే ఎక్కిస్తే గడ్డకట్టే ఫ్యాక్టర్లు తగ్గుతాయి, వెంటనే బయాప్సీయో ఆపరేషనో ఉంటే ప్లాస్మా కలపాలి. ఏసీఈ ఇన్హిబిటర్ బీపీ మాత్ర వాడుతుంటే ఒకరోజు ముందే ఆపాలి, లేకపోతే బ్రాడికైనిన్ పెరిగి బీపీ దభాల్న పడిపోతుంది.

ఇంతా చేసి తీసేది యాంటీబాడీని. దాన్ని తయారుచేసే ప్లాస్మా కణాలు ఎముక మజ్జలో కూర్చుంటాయి, వాటి మీద రిటుక్సిమాబ్ పట్టుకునే సీడీ20 ఉండదు కాబట్టి రిటుక్సిమాబ్ వాటిని ముట్టుకోదు. జ్ఞాపకం ఉన్న బీ సెల్స్ మళ్లీ ఆ డీక్యూ7ని చూడగానే నాలుగో రోజుకో వారానికో కొత్త పంట పండిస్తాయి. ఐమ్లిఫిడేస్ అని స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎంజైము ఉంది, కొన్ని గంటల్లో ఒంట్లో ఐజీజీ అంతా మధ్యకి కోసేస్తుంది, యూరప్‌లో 2020లో షరతులతో అనుమతి ఇచ్చారు. దానికీ అదే గతి, యాంటీబాడీ తిరిగొస్తుంది. పైగా ఐవీఐజీ కూడా ఐజీజీయే, దాన్నీ కోస్తుంది.

స్వాప్ అంటే మన చట్టం ఒప్పుకున్నదే. 2011 సవరణతో వచ్చింది. రెండు జంటల్లోనూ దాత దగ్గరి బంధువై ఉండి, వైద్యపరంగా కలవకపోతే ఒకరి దాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఓ గ్రూపు దాత కాబట్టి జత తేలిగ్గా దొరుకుతుంది.

గట్టు_మీద_చెట్టు | బుధవారం రాత్రి 7:30

బాడవ గారు స్వాప్‌కి అంత తొందరపడుతున్నారు గానీ, ఓ గ్రూపు పేషెంటుకి ఓ గ్రూపు కిడ్నీయే కావాలి. అవతలి జంటలోనూ దాత ఓ అయ్యి, వాళ్లకీ ఏదో పడకపోతేనే పని జరుగుతుంది. ఓ దాతలున్న జంటలకి మామూలుగా గ్రూపు సమస్య ఉండదు కాబట్టి అలాంటివాళ్లు స్వాప్ పట్టికలో తక్కువ. దొరికేవరకు డయాలసిస్ మీద ఎన్నాళ్లు ఉంచుతారు? సీడీసీ నెగటివ్, క్లాస్ 1 శుభ్రం, ఒక్క గుత్తే తేడా. మంచి సెంటరైతే ఇది దాటగలిగిన వాగే.

బాడవ_చేను | బుధవారం రాత్రి 8:05

ఆ మాట నిజమే, ఓ–ఓ చిక్కు నేను తేలిగ్గా తీసుకున్నాను. అయితే తోబుట్టువుల టైపింగు అయ్యేదాకా ఆగితే పోయేదేమీ లేదు, అది వారం పది రోజుల పని.

పూతరేకు | బుధవారం రాత్రి 9:00

భర్త కిడ్నీయే పెడితే తర్వాత ఏం కనిపెట్టాలో రాస్తున్నాను. క్రియాటినిన్ పెరగ్గానే, లేదా పెరగకపోయినా డీఎస్‌ఏ అంకె ఎక్కితే బయాప్సీ. ప్లాస్మా తీయకముందే చెయ్యాలి. రెండు కోర్లు, కనీసం 10 గ్లామరులస్‌లు (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల ఉండలు), 2 ధమనులు ఉంటే చదవగలం. ఒక ముక్క ఫార్మలిన్‌లోకి, ఇంకో ముక్క ఇమ్యునోఫ్లోరొసెన్స్‌కి మిషెల్ మీడియం అనే ద్రవంలో. రెండూ ఫార్మలిన్‌లో పడేసి పంపితే ఫ్రోజెన్ సి4డి చెయ్యలేం.

సి4డి ఎందుకంటే, యాంటీబాడీ కాంప్లిమెంటుని రాజేసి తను జారిపోతుంది, సి4డి ముక్క మాత్రం కేశనాళిక గోడకి రసాయన బంధంతో అతుక్కుని మిగులుతుంది. ఫ్లోరొసెన్స్‌లో చీకట్లో ఆకుపచ్చ ఉంగరాలు వరసగా మెరుస్తాయి, ఒక్కో ఉంగరం ఒక్కో పెరిట్యూబులర్ కేశనాళిక. ఫ్రోజెన్ ముక్కలో 10 శాతం నాళికలు మెరిస్తే పాజిటివ్. పారఫిన్ ముక్కలో ఏ కొంచెం ఉన్నా లెక్కే.

సి4డి లేకపోతే నిశ్చింత అనుకోవద్దు. కాంప్లిమెంటు పట్టని యాంటీబాడీ ఎన్‌కే అనే చంపే తెల్లకణాల ద్వారా పని కానిస్తుంది. అందుకే ట్రాన్స్‌ప్లాంటు బయాప్సీ చదివే నియమాలు పెట్టే బాన్ఫ్ సమావేశంలో, 2013 నుంచి సి4డి లేని యాంటీబాడీ రిజెక్షన్‌ని కూడా ఒప్పుకున్నారు. గ్లామరులస్‌లో, కేశనాళికల్లో తెల్లకణాలు పేరుకున్నాయా అన్నది (జీ, పీటీసీ మార్కులు కలిపి 2 గానీ ఆపైన గానీ) చూస్తాం. ఏళ్ల తరబడి మెల్లగా కొరికితే గ్లామరులస్ గోడ రెండు గీతలుగా చీలుతుంది. సిల్వర్ స్టెయినులో రైలు పట్టాల్లా కనబడుతుంది. ఆ దశకి వచ్చాక మూత్రంలో ప్రొటీన్ పడుతుంది, వెనక్కి తిప్పడం కష్టం. 2024లో సీడీ38 మీద పనిచేసే ఫెల్జార్టమాబ్ ట్రయల్ వచ్చింది, 22 మంది. మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి బయాప్సీలో రిజెక్షన్ సద్దుమణిగింది, తీసుకోనివాళ్లలో 10కి 2. చిన్న ట్రయలే, ఆశ మాత్రం ఉంది.

వెన్నామీ | బుధవారం రాత్రి 9:40

మరి అసలు సొంతమనిషి అనుకునే స్థితి, ఆ టాలరెన్స్, మనుషుల్లో వచ్చిందా?

లంకల_లెక్క | బుధవారం రాత్రి 10:30

మన గొడ్ల చావిడిలోంచే మొదలైంది. ఆవుకి కోడెదూడ, పెయ్యదూడ కవలలు పుడితే ఆ పెయ్య సాధారణంగా చూలు కట్టదని రైతులకి తెలుసు. కడుపులో మావి రక్తనాళాలు కలిసిపోవడం కారణం. 1945లో రే ఓవెన్ చూసింది, అలాంటి కవలల ఒంట్లో ఒకదాని రక్తకణాలు ఇంకోదానిలో పెద్దయ్యాక కూడా బతికే ఉంటాయని. మెడవర్ బృందం ఆ దూడల మధ్య చర్మం అంటుకట్టి చూస్తే నిలిచింది. 1953లో పుట్టని ఎలక పిల్లలకి పరాయి కణాలు ఎక్కించి అదే టాలరెన్స్‌ని చేతులారా తెప్పించారు.

మనుషుల్లో 2008లో బోస్టన్ వాళ్లు సగం మ్యాచ్ ఉన్న దాత కిడ్నీతో పాటు ఆ దాత మజ్జ కూడా ఇచ్చారు. అయిదుగురిలో నలుగురు మందులు ఆపగలిగారు. మిగిలిన ఒక్కరి కిడ్నీ పోయింది, పోగొట్టింది యాంటీబాడీ రిజెక్షనే. ఆ తర్వాత ప్రోటోకాల్‌లో రిటుక్సిమాబ్ చేర్చారు. టీ సెల్‌ని మచ్చిక చేసుకున్నా బీ సెల్ దారి వేరని అక్కడ తేలింది. ఇంకో వైపు చూస్తే, తమంతట తాము మందులు మానేసినా కిడ్నీ బాగున్న అరుదైన మనుషుల రక్తంలో 2010లో కనబడిన ప్రత్యేకత కూడా బీ సెల్స్‌దే, అమాయక బీ కణాలు (ఇంకా ఏ పరాయిదాన్నీ ఎదుర్కోనివి) ఎక్కువ. బీ సెల్ అంటే యాంటీబాడీ ఫ్యాక్టరీ మాత్రమే కాదు, ఐఎల్-10 అనే సంకేత ప్రొటీను వదిలి శాంతింపజేసే రకాలూ ఉన్నాయి.

దీన్ని చదివి ఎవరూ మాత్రలు మానొద్దు, బాబూ. మానేసినవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది టాలరెన్స్ కాదు, కొత్త డీఎస్‌ఏ. అందులోనూ డీక్యూ మీదే ఎక్కువ.

నర్సాపురం_లేసు | గురువారం ఉదయం 7:20

మాత్రల మాట వచ్చింది కాబట్టి. రిజెక్షన్ రాకుండా వేసే మాత్ర టాక్రోలిమస్ లెవల్ చూసేటప్పుడు ఉదయం మాత్ర వేసుకోకముందు, రాత్రి మోతాదుకి 12 గంటలకి, ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో రక్తం. మాత్ర మింగి వచ్చి ఇస్తే అంకె ఎక్కువొచ్చి డోసు తగ్గించేస్తారు, అసలు లెవల్ 5 కిందకి జారితే డీఎస్‌ఏకి గేటు తీసినట్టే. మన వైపు పంపరపనస ప్రతి పెరట్లో ఉంటుంది. అది గ్రేప్‌ఫ్రూట్ చుట్టమే, పేగులో సీవైపీ3ఏ4 ఎంజైముని ఆపి లెవల్ పెంచుతుంది. తిన్న వారం ఎక్కువ, డోసు తగ్గించాక తినని వారం తక్కువ. అసలు మానేయడమే నయం. టీబీ మందు రిఫాంపిసిన్, ఫిట్స్ మందు ఫెనిటాయిన్ లెవల్‌ని పడగొడతాయి. ఫ్లుకొనజోల్, డిల్టియాజెమ్ పెంచుతాయి. విరేచనాలైతే లెవల్ తగ్గుతుందనుకుంటారు, చాలాసార్లు పెరుగుతుంది.

డయాలసిస్_డెస్క్ | గురువారం రాత్రి 8:50

అందరికీ చాలా థాంక్సండి. డీక్యూ టైపింగు వచ్చింది: భర్తకి డీక్యూఏ1*05:05, డీక్యూబీ1*03:01. ఆవిడకి లేవు. లెక్క గారు చెప్పినట్టే. ఆవిడ అన్నగారు, చెల్లెలు ఇద్దరూ ఓ గ్రూపే, సోమవారం టైపింగుకీ క్రాస్‌మ్యాచ్‌కీ శాంపిల్స్ విశాఖ పంపాలి. ఈ ఎండల్లో ఎలా పంపమంటారు? కిందటిసారి ఐసులో పెట్టి పంపితే కణాలు చచ్చాయన్నారు.

కాకినాడ_ట్రే | గురువారం రాత్రి 9:25

ఐసులో ప్యాక్ చెయ్యడానికి అవి రొయ్యలు కావండి. దాత రక్తం ఆకుపచ్చ మూత సోడియం హెపారిన్ ట్యూబుల్లో, ఒక్కొక్కరికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు, 18–25 డిగ్రీల మధ్య, 24 గంటల్లోపు చేరాలి. థర్మాకోల్ పెట్టెలో దూది చుట్టి, గది చల్లదనంలో ఉంచిన జెల్ ప్యాకులు (ఫ్రీజరువి కాదు) పక్కన పెట్టండి. బస్సు డిక్కీలో వద్దు, ఏసీ ఉన్న చోట మనిషి చేతిలో వెళ్లాలి. టైపింగుకి ఈడీటీఏ ట్యూబు ఒకటి చాలు.

ఆవిడ సీరం ఎర్ర మూత ట్యూబులో, డయాలసిస్ హెపారిన్ ఎక్కకముందు తీయండి. ఎక్కాక తీస్తే సీరంలో ఫైబ్రిన్ గడ్డలు పడుతూనే ఉంటాయి. గడ్డ కట్టాక సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరు చేసి పంపండి, దీన్ని మాత్రం చల్లగానే పంపాలి. రెండు మూతలు కలిపి ఒకే పెట్టెలో పెట్టొద్దు. ట్యూబు మీద పేరుతో పాటు తీసిన తేదీ, గంట, చివరిసారి రక్తం ఎక్కిన తేదీ కూడా రాయండి. రక్తం ఎక్కి రెండు వారాలు కాకపోతే సీరం ఇప్పుడొకటి, రెండు వారాలకి ఇంకొకటి తీయాలి.

డయాలసిస్_డెస్క్ | గురువారం రాత్రి 9:40

ఆఖరి బ్యాగు ఎక్కి ఐదు నెలలైందండి. ఆకుపచ్చవి ఆదివారం రాత్రి తీసి పొద్దున్నే రాజమండ్రి రైలెక్కిస్తాం. సీరం ఇవాళే తీసి ఫ్రీజరులో పెట్టాం.

కాకినాడ_ట్రే | గురువారం రాత్రి 9:52

ఆదివారం రాత్రి వద్దు, సోమవారం తెల్లవారుజామున తీయండి. ల్యాబుకి ముందు ఫోన్ చేసి ఆ రోజు ట్రే వేస్తున్నారో లేదో కనుక్కోండి. చెల్లెలికి కాన్పులు ఎన్నయినా ఇబ్బంది లేదు, ఆవిడ దాత కదా, చూడాల్సింది పేషెంటు సీరమే.